కాగితం మీద నేర్చుకున్న ఇంగ్లీషు

ఇంజనీరింగు కాలేజీలకు ఉద్యోగాలిచ్చేందుకు వచ్చే కంపెనీలు తెలుగు పిల్లల గురించి ఏళ్ల తరబడి ఒకే ఫిర్యాదు చేస్తున్నాయి. రాతపరీక్ష గట్టెక్కుతారు, ఈమెయిలు రాయమంటే కిందామీదా పడైనా రాస్తారు, నలుగురిలో కూర్చోబెట్టి ఒక సంగతి మీద మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. దీనికి మనం చెప్పుకునే కారణాలు కూడా అరిగిపోయినవే: తెలుగు మీడియం, పల్లెటూరి బడి, బిడియం. ఇవి అబద్ధాలని కాదు. కాని ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలోనే చదివిన పిల్లల మీద కూడా ఇదే ఫిర్యాదు వినిపిస్తోందంటే కారణం ఇంకొంచెం లోతులో వెతకాలి. నా ఉద్దేశంలో దాని మూలం బడిలో కంటే ఎక్కువగా కచేరీలో ఉంది. తెలుగువాళ్లలో చదువుకున్న వర్గానికి ఇంగ్లీషు మొదట పరిచయమైంది ఉద్యోగం ద్వారా, ఆ ఉద్యోగంలో కూడా ఎక్కువగా కాగితం ద్వారా. నకలు రాయడం, తర్జుమా చెయ్యడం, డ్రాఫ్టు పెట్టడం అనే మూడు పనుల కోసం అలవడిన ఇంగ్లీషునే ఆ తర్వాత బడి నేర్పింది, పరీక్ష అడిగింది, టైపు ఇన్‌స్టిట్యూటు వేళ్లకు అలవాటు చేసింది. నోటికి దానితో పెద్దగా పని పడలేదు.

మొదట్లో వ్యవహారం ఇలా లేదు. 1611లో ఇంగ్లీషు కంపెనీ మనుషులు మచిలీపట్నం రేవులో దిగి వర్తకం మొదలుపెట్టిన కాలంలో, తీరంలో దొరలతో బేరసారాలకు ఎక్కువగా పనికొచ్చింది ఇంగ్లీషు కాదు, పోర్చుగీసు. కంపెనీ స్థావరాలకు వచ్చే పాదిరీలు ఏడాదిలోగా పోర్చుగీసు నేర్చుకోవాలని 1698 నాటి చార్టరులో కూడా నిబంధన ఉంది. మద్రాసు పట్టణం పుట్టుకలో కంపెనీకి అండగా నిలిచిన బేరి తిమ్మన్న, ఆ తర్వాతి దశాబ్దాల్లో కంపెనీ ప్రధాన వర్తకుడిగా వెలిగిన కాశీ వీరన్న తెలుగువాళ్లే. వీళ్లూ, వీళ్ల వెనక వచ్చిన దుబాసీలూ చేసింది నోటిపని. నేతగాళ్లకు బయానా ఇప్పించడం, బట్ట నాణ్యం మీద తగువొస్తే తీర్చడం, దొర కటువుగా అన్నది అవతలివాడి చెవికి కాస్త మెత్తబరిచి చేర్చడం. వ్యాకరణం ఎలా ఉన్నా, ఎదుటివాడి మొహం చూసి మాట తిప్పుకోగలగడమే అక్కడ అసలు విద్య. అది కొడుక్కో మేనల్లుడికో అందేది తప్ప ఇల్లు దాటి పొక్కేది కాదు. దుబాసీల మీద దొరలకు ఎప్పుడూ అనుమానమే, తమకు తెలియని భాషలో తమ పేరు మీద ఏం మాట్లాడుతున్నారో అని. ఆ అనుమానం పూర్తిగా ఆధారం లేనిదీ కాదు.

అయితే కంపెనీ స్వభావంలోనే కాగితం పిచ్చి ఉంది. లండన్‌లో కూర్చున్న డైరెక్టర్లకూ మద్రాసులో ఉన్న కౌన్సిలుకూ మధ్య నెలల తరబడి ఓడ ప్రయాణం. అంత దూరాన ఉన్నవాళ్లు ఇక్కడి మనుషులను అదుపులో పెట్టుకోవాలంటే జరిగిన ప్రతి సంగతీ రాసి పంపాల్సిందే. ఫోర్ట్ సెయింట్ జార్జి డైరీలు, కన్సల్టేషన్ పుస్తకాలు అలా పుట్టినవే. ఒక ఓడ మునిగితే ఇంకో ఓడలో చేరుతుందని ఒకే ఉత్తరానికి రెండు మూడు నకళ్లు తీసి వేర్వేరు ఓడల్లో పంపేవారు. 1766లో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు, 1800లో దత్తమండలాలు చేతికి వచ్చాక ఈ వర్తకపు కాగితమే పరిపాలన కాగితమైంది. కలెక్టరు బోర్డ్ ఆఫ్ రెవెన్యూకు రాయాలి, బోర్డు గవర్నరుకు రాయాలి, గవర్నరు లండన్‌కు రాయాలి. ఈ వరసలో దుబాసీ నోటికి గిరాకీ తగ్గి, కుదురైన దస్తూరీ ఉన్న గుమాస్తాకు గిరాకీ పెరిగింది.

ఆ కచేరీల్లో కూడా ఇంగ్లీషు ఒక్కసారిగా గద్దె ఎక్కలేదు. గ్రామ కరణం లెక్క తెలుగులో ఉండేది, హుజూరు కచేరీల్లో పలుచోట్ల మోడీ లిపిలో మరాఠీ నడిచేది, శిస్తు మాటలూ కోర్టు మాటలూ సగం పారశీకం, పైకి పోయేది ఇంగ్లీషు. ఎవరి భాష ఎవరు నేర్చుకోవాలన్నది అప్పటికింకా తేలలేదు. 1812లో ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీ పెట్టింది ఇంగ్లండు నుంచి దిగిన కుర్ర సివిలియన్లకు దక్షిణాది భాషలు నేర్పడానికే. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి అక్కడే తెలుగు మొదలుపెట్టాడు. ఆయన నిఘంటువు గురించి అందరికీ తెలుసు గాని, 1852లో అచ్చయిన తెలుగు రీడరు గురించి తెలిసినవాళ్లు తక్కువ. సొంత ఉత్తరాలు, వ్యవహారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు తెలుగులో ఇచ్చి ఇంగ్లీషు అనువాదం జతపరిచిన పుస్తకం అది. ఆ ఏడే జిల్లా డిక్షనరీ పేరుతో, కచేరీ వ్యవహారంలో నలిగే దేశి మాటలకు రోమను లిపిలో అర్థాలు రాశాడు. 1854లో తెలుగులో కలిసిపోయిన అన్యదేశ్యాలకు మిశ్రభాషా నిఘంటువు వేశాడు. ఇవాళ పుస్తకాల షాపుల్లో బిజినెస్ కమ్యూనికేషన్ అని అట్టమీద అచ్చేసి అమ్మే సరుకుకు మన నేలమీద పూర్వీకుల్ని వెతికితే దొరికేవి ఇవే. అవి ఇంగ్లీషువాడు తెలుగు నేర్చుకోవడానికి తయారైనవి. బరువు పూర్తిగా మనవైపు ఒరిగింది ఆ తర్వాతే.

ఇటువైపు నుంచి ఇంగ్లీషు నేర్చుకున్న తొలి తరాన్ని చూస్తే, వాళ్లలో పేరుపడ్డవారు ఎక్కువమంది పనిలో పడి నేర్చుకున్నవాళ్లే. కాశీయాత్ర చరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. చిన్నతనంలోనే జీతం లేని వాలంటీరుగా కచేరీలో చేరి పని పట్టుకున్న మనిషి. కచేరీలో ఖాళీ వచ్చేదాకా ఊరకే పనిచేస్తూ కాచుకుని కూర్చునే ఈ వాలంటీర్ల పద్ధతి మద్రాసు రాజధానిలో చాలాకాలం సాగింది. ఇప్పటివాళ్లు ఇంటర్న్ అంటున్నది కొత్తదేమీ కాదు. ఒంగోలు ప్రాంతపు వెన్నెలకంటి సుబ్బారావు సదర్ అదాలతులో అనువాదకుడిగా పనిచేశాడు. ఉద్యోగం అడిగినకొద్దీ ఒక్కొక్క భాషే నేర్చుకుంటూ పోయి, చివరికి తన జీవితకథను ఇంగ్లీషులోనే రాశాడు. ఆయన పోయాక చాలా ఏళ్లకు, 1873లో మద్రాసులో అది అచ్చయింది. తెలుగువాడు రాసుకున్న తొలి స్వీయచరిత్రల్లో ఒకటి ఇంగ్లీషులో ఉండడం, దాన్ని రాసినవాడు కోర్టు అనువాదకుడు కావడం నా వాదానికి కావలసిన సాక్ష్యమే. ఇక కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి కల్నల్ మెకంజీ దగ్గర సర్వే పనిలో, శాసనాలు, కైఫీయతులు సేకరించే పనిలో ఉండి ఇంగ్లీషులో నివేదికలు రాయగలిగారు. రామస్వామి 1829లో దక్కన్ కవుల మీద ఇంగ్లీషులో పుస్తకమే వేశాడు. వీళ్లు ఇంగ్లీషు మాట్లాడలేదని కాదు, వీరాస్వామి పనే కోర్టులో మాట చేరవెయ్యడం. కాని పై అధికారి దగ్గర మెప్పు తెచ్చిందీ, పదవి నిలబెట్టిందీ తర్జుమా, నివేదిక. వీళ్లను చూసి వెనక వచ్చినవాళ్లు పట్టుకున్నది ఆ కొసనే.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఎదురవుతుంది. ఇంగ్లీషు చదువు మెకాలే మన నెత్తిన పెట్టిందే కదా, గుమాస్తాలను తయారుచెయ్యాలని పైనుంచి వేసిన పథకమే కదా అని. మెకాలే మినిట్ 1835 నాటిది. వీరాస్వామి కాశీయాత్ర ముగించి ఇల్లు చేరింది 1831లో. అప్పటికి ఆయన ఉద్యోగ జీవితం దాదాపు అయిపోయింది. అంటే మెకాలే కలం పట్టకముందే ఇక్కడ ఒక తరం ఇంగ్లీషు కొలువుల్లో పండి ఉంది. ఇంకో సంగతి చూడండి. 1839లో మద్రాసు పట్నవాసులు 70,000 సంతకాలతో గవర్నరుకు ఒక అర్జీ పెట్టుకున్నారు, తమ పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పే విద్యాలయం కావాలని. అడ్వొకేట్ జనరల్ జార్జి నార్టన్ అందులో ముందున్నాడు గాని, ఆ 70,000 మందినీ ఆయన ఒక్కడు పోగెయ్యలేడు. ఇంగ్లీషు వచ్చినవాడి ఇంట్లో జీతం పడుతున్నదని జనం కళ్లారా చూశారు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి, ఇంగ్లీషు చదివినవాళ్లకు కొలువుల్లో మొగ్గు చూపాలని తీర్మానం చేసినప్పుడు, ఉన్న గిరాకీకి సర్కారు ముద్ర పడింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం వచ్చింది, మెట్రిక్యులేషను పాసవడం కొలువుకు తొలిమెట్టు అయింది. ఆ పరీక్ష ప్రధానంగా రాత పరీక్ష. మెకాలేను పూర్తిగా నిర్దోషిని చెయ్యాలని నాకు లేదు. ఆయన లేకపోయినా మన ఇంగ్లీషు ఇంచుమించు ఇదే దారిన నడిచేదని మాత్రం అనుకుంటాను.

కచేరీలో ఆ రాత ఎలా నడిచేదో దగ్గర్నుంచి చూస్తేగాని సంగతి బోధపడదు. మద్రాసు రాజధాని జిల్లా కార్యాలయాల్లో టాటెన్‌హామ్ అనే ఐసీఎస్ అధికారి పేరుమీద స్థిరపడిన పద్ధతి ఒకటుంది, మన కలెక్టరాఫీసుల్లో దాని ఆనవాళ్లు నిన్నమొన్నటిదాకా చెక్కుచెదరలేదు. తపాలు విప్పగానే కాగితానికి కరెంటు నంబరు పడుతుంది. అది గుమాస్తా పర్సనల్ రిజిస్టరులోకి ఎక్కుతుంది. ఆయన పాత కాగితాలు తిరగేసి నోటు రాస్తాడు, జవాబు డ్రాఫ్టు పెడతాడు. సూపరింటెండెంటు దిద్దుతాడు, అధికారి ఒక మూల పొట్టి సంతకం పెడతాడు. ఫెయిర్ కాపీ సెక్షనులో టైపయి, సరిచూడబడి, డెస్పాచి రిజిస్టరులోంచి బయటపడుతుంది. ఆఖర్న ఫైలుకు ఆర్.డిస్ అనో డి.డిస్ అనో ముద్ర. మొదటిది శాశ్వతంగా దాచాలి, రెండోది పదేళ్లు ఉంచాలి. ఈ ప్రయాణమంతటిలో ఎక్కడా ఎవరూ ఇంగ్లీషులో నోరు తెరవనక్కర్లేదు. ఇద్దరు గుమాస్తాలు పక్కపక్క బల్లల దగ్గర తెలుగులో మాట్లాడుకుంటూనే, అదే విషయం మీద ఒకరి సెక్షనుకు ఒకరు ఇంగ్లీషులో కాగితం పంపుకునేవారు. ముప్పై ఏళ్ల సర్వీసులో వేల డ్రాఫ్టులు పెట్టిన హెడ్ గుమాస్తా, కలెక్టరు ఎదురుగా నిలబడి రెండు వాక్యాలు చెప్పవలసి వస్తే చెమటలు కక్కాడంటే ఆశ్చర్యమేముంది? చెప్పే పని ఆయన నౌకరీలో భాగమే కాదు.

ఇలాంటి చోట వాక్యాలు అచ్చులో పోసినట్టు ఉండడం సహజం. ‘ఐ బెగ్ టు స్టేట్’, ‘డూ ది నీడ్‌ఫుల్’, ‘యువర్ మోస్ట్ ఒబీడియెంట్ సర్వెంట్’ వంటివాటిని చూసి నవ్వుకోవడం మనకు అలవాటు. ఇదంతా బానిస బుద్ధి అని కోప్పడేవాళ్లూ ఉన్నారు. ఈ రెండో ఆక్షేపణ బరువైనదే కనుక దానికి జవాబు చెప్పాలి. విధేయుడైన సేవకుణ్ణి అని సంతకం కింద రాయడం తెలుగు గుమాస్తా కనిపెట్టింది కాదు. కలెక్టరు బోర్డుకు అలాగే రాశాడు, బోర్డు సెక్రటరీ కలెక్టరుకూ అలాగే రాశాడు. ఇంగ్లండులో ఒక దొర ఇంకో దొరకు కోపంగా రాసిన ఉత్తరం కూడా ఆ మాటతోనే ముగిసేది. అర్జీల చివర ఎప్పటికీ తమ మేలు కోరి ప్రార్థిస్తూ ఉంటామని రాయడం ఇంగ్లండు కోర్టులకూ పార్లమెంటుకూ పెట్టుకునే అర్జీల నుంచి దిగింది. పైగా ఆ వినయపు మూసలో పోసి మనవాళ్లు పంపినవన్నీ వినయాలు కావు. మద్రాసులో గాజుల లక్ష్మీనరసు శెట్టి 1844లో క్రెసెంట్ పత్రిక పెట్టాడు, 1852లో మద్రాస్ నేటివ్ అసోసియేషన్ స్థాపించాడు. ఆ సంఘం పార్లమెంటుకు పంపిన అర్జీలో రైతుల మీద శిస్తు కోసం జరుగుతున్న చిత్రహింసల ప్రస్తావన ఉంది. మరుసటి ఏడు, అంటే 1853లో, డాన్బీ సేమర్ అనే పార్లమెంటు సభ్యుడు మద్రాసు వచ్చి చూసి వెళ్లాడు, కామన్స్ సభలో గొడవ జరిగింది, విచారణకు టార్చర్ కమిషన్ వేశారు, 1855లో దాని నివేదిక వచ్చింది. హింస జరుగుతున్నది నిజమేనని కంపెనీ ప్రభుత్వమే వేసిన కమిషన్ ఒప్పుకోవలసి వచ్చింది. వంగి దండం పెట్టినట్టు కనిపించే వాక్యాలతో చేసిన పని అది.

గుమాస్తా ఇంగ్లీషు మన తెలివితక్కువ వల్ల పుట్టిందనేవాళ్లకు మరొక సాక్ష్యం ఇంగ్లండులోనే దొరుకుతుంది. ఫౌలర్ సోదరులు 1906లో కింగ్స్ ఇంగ్లిష్ రాసి, ఉబ్బిన మాటల మీద విరుచుకుపడ్డది ఇంగ్లీషువాళ్ల రాతల్ని చూసే. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ ట్రెజరీ సొంత ఉద్యోగుల ఉత్తరాలు జనానికి అర్థం కావడం లేదని గ్రహించి సర్ ఎర్నెస్ట్ గవర్స్ చేత ప్లెయిన్ వర్డ్స్ రాయించింది. 1948లో అది వచ్చింది, 1954లో పెద్ద కూర్పు వచ్చింది. అంటే ఈ జబ్బు జాతికి సంబంధించింది కాదు, ఆఫీసుకు సంబంధించింది. తేడా ఒక్కటే. అక్కడ ఆఫీసు బయట ఇంటా వీధిలో అదే భాష బతికి ఉంది కనుక, ఆ గాలి కొట్టి రాత మారింది. ఇక్కడ ఆఫీసు బయట తెలుగు ఉంది, ఇంగ్లీషుకు ఫైలే ఇల్లు. పాత డ్రాఫ్టు చూసి కొత్త డ్రాఫ్టు పెట్టడం తప్ప వేరే నమూనా లేదు. అంతకంటే ముఖ్యం, పాత వాక్యం క్షేమం. సూపరింటెండెంటు దిద్దడు, ఆడిటు అభ్యంతరం పెట్టదు. సొంతంగా అల్లిన వాక్యంలో తేడా వస్తే మెమో చేతికొస్తుంది. చిన్న జీతగాడు తన పొట్టకూటికి ముప్పు లేని దారి ఎంచుకున్నాడు, దాన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

కచేరీ బయట మాట్లాడే ఇంగ్లీషు అంటే జనం ఏమనుకునేవారో కన్యాశుల్కంలో ఉంది. 1892లో విజయనగరంలో ఆడిన ఆ నాటకంలో, కొడుకు ఇంగ్లీషు చదువు ఎంతవరకు వచ్చిందో వినాలని తల్లి ముచ్చటపడితే గిరీశం, వెంకటేశం చేసేది బడిలో వల్లించిన పద్యాలూ పాఠాల ముక్కలూ సంభాషణలాగా ఒకరి మీదొకరు విసురుకోవడం. తల్లి మురిసిపోతుంది. అగ్నిహోత్రావధాన్లకు మాత్రం గిరీశం మీద గురి కుదిరేది ఇంకోచోట: తన దావా కాగితాలకు ఇంగ్లీషు వచ్చిన మనిషి ఇంట్లో ఉచితంగా దొరికాడని. గురజాడ ఎగతాళిగానే రాసి ఉండొచ్చు, లెక్క మాత్రం సరిగ్గా కట్టాడు. అప్పటి సంసారి దృష్టిలో ఇంగ్లీషుకు రెండే ఉపయోగాలు, వల్లించి చూపడం, కాగితం చదివిపెట్టడం.

నా వాదానికి నిజంగా ఇబ్బంది పెట్టే ప్రశ్న హైదరాబాదు రాజ్యం నుంచి వస్తుంది. తెలంగాణలో కచేరీ కాగితం ఇంగ్లీషు కాదు. 1884 దాకా పారశీకం, ఆ తర్వాత ఉర్దూ. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం పైచదువులు కూడా ఉర్దూలోనే చెప్పింది. మద్రాసుకు అనుబంధమైన నిజాం కాలేజీ వంటి చోట్ల ఇంగ్లీషు చదివినవారు కొద్దిమంది. మరి గుమాస్తా ఇంగ్లీషు చరిత్రే లేని తెలంగాణ పిల్లలు కూడా కోస్తా పిల్లల్లాగే ఎందుకు తడబడుతున్నారు? నాకు తోచే సమాధానం ఇది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత పరిపాలనలో ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చిపడింది. మద్రాసు పద్ధతిలో తయారైన ఉద్యోగులు బయటినుంచి వచ్చారు. నిన్నటిదాకా మిసలు, అంటే ఫైళ్లు, చక్కగా నడిపిన ఉర్దూ గుమాస్తా ఒక్కసారిగా చదువురానివాడితో సమానమయ్యాడు. 1952లో చెలరేగిన ముల్కీ ఆందోళనకు ఉద్యోగాలు బయటివాళ్ల పాలవుతున్నాయన్న బాధ మూలం; ఆ బాధలో ఇంగ్లీషుకు పెద్ద వాటా ఉంది. చదువులో ముందున్న కోస్తావాళ్లు తమను ముంచేస్తారన్న తెలంగాణ భయాన్ని రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో తన నివేదికకెక్కించింది. కోస్తాలో నూటయాభై ఏళ్లలో మెల్లగా అలవడినదాన్ని తెలంగాణ పదేళ్లలో మింగవలసి వచ్చింది, అదీ సర్వీసు పరీక్షలు, డ్రాఫ్టింగు, టైపు రూపంలో. కనుక అక్కడ కూడా ఇంగ్లీషు మొదట కాగితంగానే వచ్చింది, ఇంకా కరుకుగా వచ్చింది.

ఆ కాగితపు ఇంగ్లీషును మధ్యతరగతి గడపగడపకూ చేర్చినది కాలేజీ కంటే టైపు ఇన్‌స్టిట్యూటు అని నేనంటాను. ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం, తాలూకా కేంద్రంలో సినిమాహాలు ఉన్నా లేకపోయినా మేడమీద గదిలో టకటకలాడే ఇన్‌స్టిట్యూటు ఉండేది. ఎస్సెల్సీ రాసి ఫలితం కోసం ఎదురుచూసే పిల్లలు అక్కడ గంటకొక జట్టుగా కూర్చునేవారు. ఎడమచేతి వేళ్లకు ఏ ఎస్ డి ఎఫ్, కుడిచేతికి సెమీకోలన్ ఎల్ కె జె, నెలల తరబడి అదే. ఆ తర్వాత సర్కారు సాంకేతిక పరీక్ష, లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. అక్కడితో ఆగకుండా పిట్‌మన్ షార్ట్‌హ్యాండు దాకా పోయినవాడికి స్టెనో ఉద్యోగం దొరికేది. లోకం పెద్దగా గమనించని విశేషం ఆ టైపు పరీక్ష రెండో పేపరులో ఉంది. అందులో ఒక వ్యాపార ఉత్తరమో ఆఫీసు ఉత్తరమో, ఒక పట్టికో ఇస్తారు, వరసలు తప్పకుండా అందంగా కొట్టాలి. తేదీ ఎక్కడ, చిరునామా ఎక్కడ, సబ్జెక్టు, రిఫరెన్సు ఎంత ఎడంలో, సంతకానికి ఎంత జాగా అన్నది వేళ్లు నేర్చుకునేవి. ఏ ఇంగ్లీషు మాస్టారూ చెప్పనంత వ్యాపార ఉత్తరాల ఒరవడి కోస్తా, సీమ, తెలంగాణ పిల్లలకు ఈ పేపరు నేర్పింది. ఆ ఉత్తరంలో ఏముందో అర్థం చేసుకోకుండా తప్పులేకుండా కొట్టినవాడికి ఫస్టుక్లాసు రావడానికి అడ్డేమీ లేదు. ఆడపిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కాలేజీకి పంపని ఇళ్లు చాలా ఈ ఇన్‌స్టిట్యూటుకు పంపడానికి ఒప్పుకున్నాయి. ఆఫీసుల్లోకి ఆడవాళ్లు అడుగుపెట్టిన తలుపుల్లో టైపిస్టు కుర్చీ ఒకటి.

ఇదంతా గడిచిన కథ, ఇప్పుడు కాలం మారింది అనవచ్చు. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచాక మాట్లాడే ఇంగ్లీషుకే విలువ వచ్చింది, అమెరికాలో ఉన్న క్లయింటుతో రాత్రి పదింటికి ఫోనులో మాట్లాడాలి, ఫైలు నోటు ఎవరికి కావాలి అని. ఈ మాటలో నిజముంది. పని మారింది. నేర్పే తీరు మారిందా అన్నదే ప్రశ్న. 2000 దశకంలో జేఎన్‌టీయూ బీటెక్ సిలబసులో ఇంగ్లీషు కమ్యూనికేషన్ ల్యాబు పెట్టింది. మంచి ఆలోచన. కాని ల్యాబు అనగానే మన కాలేజీల్లో రికార్డు పుస్తకం వచ్చిపడింది, దాన్ని సీనియర్ల రికార్డు చూసి దించడం వచ్చింది. అమీర్‌పేటలో, విజయవాడ బెంజిసర్కిల్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేచోట ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అన్న ప్రశ్నకు పది వాక్యాల జవాబు ముందే రాయించి కంఠతా పట్టిస్తారు. పిల్లవాడు పేరూ ఊరూ మార్చుకుని అప్పజెబుతాడు. గిరీశం, వెంకటేశం చేసినదానికి దీనికి తేడా ఏమిటో నాకు తెలియడం లేదు. ఈమెయిలులోనూ అంతే, ‘హోప్ దిస్ మెయిల్ ఫైండ్స్ యూ వెల్’ అనే వాక్యం ‘ఐ బెగ్ టు స్టేట్’ ఖాళీ చేసిన కుర్చీలో కూర్చుంది. పని గదుల్లో కావలసినవి వేరు: ఇచ్చిన గడువుకు పని కాదని ముందే చెప్పడం, అర్థం కానిది మళ్లీ అడగడం, పైవాడి లెక్కలో తప్పు ఉంటే మర్యాదగా ఎత్తిచూపడం. ఇవేవీ గుమాస్తా నౌకరీలో లేవు, అందుకే మన పాఠాల్లోకి రాలేదు.

ఇంగ్లీషు గొడవ లేకుండా ఆఫీసులన్నీ తెలుగులోనే నడిపితే సరిపోదా అని అడిగేవారికి, 1966లోనే ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం చేసిందని గుర్తుచెయ్యాలి. ఆ చట్టం వచ్చాక తెలుగులో వెలువడిన ఉత్తర్వులు కూడా చాలావరకు ఇంగ్లీషు డ్రాఫ్టుకు నీడల్లాగే ఉన్నాయి, రైతు చదివితే రైతుకు తెలియదు. భాష మార్చినా కాగితపు అలవాటు మారలేదు. దానివల్ల తెలుగు చెడింది, ఇంగ్లీషు బాగుపడలేదు.

బడులూ కాలేజీలూ పిల్లల నోటిని నిందించడం మాని, ప్రశ్నపత్రం వైపు చూడాలని నా మనవి. పరీక్ష దేనికి మార్కులిస్తే మన దేశంలో బడి దాన్నే నేర్పుతుంది, ఇన్నేళ్ల చరిత్రలో ఇందుకు తప్పిన సందర్భం కనబడదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష ఉత్తరం రాయమని అడుగుతుంది, మాట్లాడమని అడగదు. తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023–24లో మొదటి ఏడాది పిల్లలకు ఇంగ్లీషు ప్రాక్టికల్స్ పెట్టింది. ఆ సబ్జెక్టు మొత్తంలో మాటకు 20 మార్కులు, కాగితానికి 80.